నడిగది గడియ

"నడిగదిలోకి నేను చింతపండుకు పొయ్యింది సోమారం. మంగళారం కాదు," అంది దేవకమ్మ, నోటిదాకా తెచ్చిన సంగటి ముద్దను మళ్ళీ తట్టలో పెట్టేస్తూ.

మూడు రోజులుగా ఆ ఇంట్లో నడుస్తున్నది ఈ ఒక్క మాటే. కాఫీ తాగుతున్నా ఇదే, బట్టలు మడత పెడుతున్నా ఇదే. మంగళవారం సందెవేళ నడిగది గడియ తీసింది ఎవరు?

"సోమారమే అయితే మంగళారం పప్పుపులుసుకు చింతపండు యాడి నుంచి వచ్చిండాది మా?" అన్నాడు ధనంజయ. అతనికి తల్లి మీద కోపమేమీ లేదు. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పన్నెండేళ్ళుగా లైను సూపర్‌వైజరు. ఒక సరుకు పాడైందంటే అది ఏ చేతిలో పాడైందో తేల్చి కాగితం మీద రాసేదాకా అతనికి ఆ రోజు ముగిసినట్టు ఉండదు. ఇంట్లోనూ అదే పద్ధతి. "తప్పు పట్టేదానికి కాదు అడిగేది. నీకు మరుపు ఎక్కువైతా ఉండాది. మొన్న బీపీ మాత్ర రెండుసార్లు మింగినావు గదా."

"మాత్రా గడియా ఒగటేనా?"

"అమ్మ గడియ వేసింది. అది మాత్రం నాకు తెలుసు," అంది ధనంజయ కూతురు మహిత. ఆ పిల్ల తట్టలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది. "'అమ్మా, గడియ' అని చెప్పినా. 'ఆ' అన్నింది. అమ్మ 'ఆ' అన్నాక వెయ్యకుండా ఎప్పుడుండాది? ఎవురో ఒకరు మళ్ళా తీసుండాల."

పొయ్యి ముందు నిలబడి చారు వేడి చేస్తున్న మహిత తల్లి సుజన వెనక్కి తిరగలేదు. చారు పొంగి దిగిపోయింది. ఆమె గరిటె తిప్పుతూనే ఉంది.

"అవ్వా, నిన్నేమీ అననులే. తీసినానని చెప్పు, అంతే."

"తియ్యని దానికి తీసినానని ఎట్ల సెప్పేది మే?" అంటూ దేవకమ్మ చెయ్యి కడుక్కోవడానికి లేచింది. ఆమె వెనకే పిల్లి కూడా లేచి పోయింది.

ఆ ఇల్లు తిరుపతిలో, చంద్రగిరి రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే కొత్త వీధుల్లో ఒకటి. ముందర హాలు, వెనక వంటగది, రెండు పడకగదులు, వాటి నడుమ చిన్న కిటికీ ఉన్న ఒక గది. కట్టినప్పుడు సామాను గది అనుకున్నారు. తర్వాత సుజన అందులో కుట్టుమిషను వేసుకుంది. బజారులోని రెండు చీరల కొట్లనుంచి ఆమెకు మూటలు వస్తాయి. ఫాల్సు కుట్టి, పీకో చేసి పంపాలి. గోడవారగా దేవకమ్మ చింతపండు కుండ, ఆవకాయ జాడీలు. వాటి పక్కన మిషను. ఆ గదిలో గాలి లేకపోయినా గొడవ ఉండేది కాదు.

ఇంట్లోకి ఒక్కొక్క ప్రాణి ఒక్కొక్కరి వెంట వచ్చింది. పిల్లి దేవకమ్మతో వచ్చింది. పేరు చిట్టెమ్మ. ఊరినుంచి కొడుకు దగ్గరికి వచ్చిన రోజు ఆమె చేతిలో ఉన్న రెండు సంచుల్లో ఒకటి గిలగిలా కదులుతుంటే సుజన భయపడింది. కుక్క ధనంజయతో వచ్చింది. కంపెనీ బస్సు ఆగేచోట నెల రోజులు ఇతనికోసమే కాచుకుని, ఒకనాడు వెంట నడుచుకుంటూ వచ్చేసింది. దానికి షిఫ్టు అని పేరు పెట్టినాడు. ఆఖరున, ఎనిమిది నెలల కిందట, మహితతో బల్లి వచ్చింది.

మామూలు గోడబల్లి కాదు. లెపర్డ్ గెకో అంటారట. జానెడు పొడవు, పసుపుపచ్చ ఒంటిమీద నల్లచుక్కలు, వేలంత లావు తోక. గోడలెక్కదు, కళ్ళార్పుతుంది. మహిత స్నేహితురాలు మోహన బెంగళూరులో ఉద్యోగానికి పోతూ, హాస్టల్లో ఉండనివ్వరని, గాజుతొట్టి, కింద వేసే వెచ్చటి పట్టీ, కాగితాలు అన్నీ కలిపి ఇచ్చేసింది. మహిత దానికి శనగ అని పేరు పెట్టింది. దానికి వెలుతురూ చప్పుడూ పడవు, పిల్లీ కుక్కా వాసన కూడా పడదు. ఎవరూ పడుకోకుండా తలుపు మూసి గడియ పెట్టగల గది ఇంట్లో నడిగది ఒకటే. "నా మిషను హాల్లో వేసుకుంటాలే," అని సుజన తనే అంది. ఎవరూ అడగలేదు. అడగకముందే అనడం ఆమెకు అలవాటు.

దేవకమ్మకు మాత్రం ఈ ఏర్పాటు నవ్వులాటగా ఉండేది. చీపురుతో తోలేసే బల్లికి గాజు ఇల్లా, పురుగుల భోజనమా అనేది. కానీ బల్లి బల్లే. మీద పడితే, పాకితే, తగిలితే ఏ అంగానికి ఏ ఫలమో పంచాంగంలో రాసి ఉంటుంది. మొదటి వారం మహిత చేతిమీద శనగ పాకిన ప్రతిసారీ దేవకమ్మ కళ్ళజోడు పెట్టుకుని పంచాంగం తీసేది. ఎడమ మణికట్టుకు ఒకటి, కుడి మోచేతికి ఒకటి. తర్వాత విసుగుపుట్టి ఒక ఉపాయం చెప్పింది. పదేళ్ళ కిందట తాను కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకుని వచ్చింది. అట్లా ముట్టుకున్నవాళ్ళను ముట్టుకుంటే చాలు, బల్లి దోషం పోతుంది. కాబట్టి మహిత గది నుంచి రాగానే చేతులు సోపుతో కడుక్కుని, అవ్వను తాకి, ఆ తర్వాతే ఇంట్లో ఏ వస్తువైనా ముట్టుకోవాలి. తలుపు గడియతో సహా.

చిత్రమేమంటే పశువుల డాక్టరు కూడా ఇంచుమించు అదే చెప్పినాడు. ఇలాంటి జీవాల ఒంటిమీద కడుపును పాడుచేసే క్రిములుంటాయి, పట్టుకున్న చేత్తో దేన్నీ ముట్టుకోవద్దు, తొట్టిలోని నీళ్ళు కుక్కను తాగనీయవద్దు అని. మొదటి నెలలో షిఫ్టు ఆ నీళ్ళు తాగి రెండు రోజులు హాలంతా వాంతులు చేసుకుంది. అదంతా తుడిచి ఎత్తింది సుజన. పంచాంగమూ డాక్టరూ ఒకే మాట మీదికి రావడంతో ఆ ఇంట్లో ఇక దానికి తిరుగులేకపోయింది.

అలా గడియ సుజనది అయింది. మహిత పొద్దున ఒకసారి, సందెవేళ ఒకసారి గదిలోకి పోతుంది, గడియ తీసేదీ సుజనే. పురుగులు వేసి, నీళ్ళగిన్నె తీసుకుని, భుజంతో తలుపు తోసుకుని బయటికి వస్తుంది. "అమ్మా, గడియ" అంటూ వెనక పంపు దగ్గరికి పోతుంది. సుజన ఎక్కడున్నా లేచి వచ్చి గడియ పెట్టాలి. అంతకుముందే షిఫ్టును వరండాలో కట్టేయాలి. చిట్టెమ్మను వంటగదిలోకి తోలి తలుపు వేయాలి. గది గడప కింది సందులో గుడ్డ కుక్కాలి, లేకపోతే షిఫ్టు ముక్కు పెట్టి గంటలకొద్దీ ఊదుతూ పడుకుంటుంది. మహిత గిన్నె కడుక్కుని వచ్చాక మళ్ళీ తీయాలి, మళ్ళీ పెట్టాలి. రోజుకు ఎనిమిదిసార్లు. లెక్క సుజన పెట్టలేదు, ఆమె మోకాళ్ళు పెట్టుకున్నాయి.

మంగళవారం ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచింది. ఆరింటి కంపెనీ బస్సుకు ధనంజయకు క్యారియరు కట్టాలి. ఆ తర్వాత మహితకు, ఆ తర్వాత అత్తకు ఉప్పు తక్కువ వంట. పెళ్ళివాళ్ళ చీరలు మరుసటి రోజుకు ఇవ్వాలని కొట్టువాళ్ళు రెండుసార్లు ఫోను చేసినారు. సాయంత్రం ధనంజయ వచ్చి, వరండాలో కూర్చుని ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. షిఫ్టు అతని కాళ్ళ దగ్గర కట్టేసి ఉంది. దేవకమ్మ టీవీ ముందు కూర్చుని మునగాకు దూస్తోంది. సుజన అప్పుడే మిషను ముందు కూర్చుంది. ఆ రోజు ఆమె కూర్చోవడం అదే మొదలు.

"అమ్మా, గడియ."

"ఆ," అంది సుజన.

సూది కింద చీర అంచు ఉంది. అంచు చివరికి ఇంకా రెండు మూరలు. కుట్టు ఆపి లేవడం పెద్ద పనేమీ కాదు. ఆమె కాలు తీసి కింద పెట్టింది కూడా. పెట్టి, అలాగే ఉండిపోయింది. వంటగది తలుపు మూసినట్టే మూసి సరిగా పడలేదు కాబోలు, చిట్టెమ్మ తోక నిలబెట్టుకుని గోడవారగా నడుచుకుంటూ పోవడం కనిపించింది. నడిగది తలుపు జానెడు తెరిచి ఉండడమూ కనిపించింది. లేవాలి అనుకుంది. ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు గదా, చూసి ఎవరైనా లేస్తారేమో అనుకుంది. నిజానికి అలా కూడా అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. తలలో మాట కదిలింది గానీ ఒళ్ళు కదల్లేదు.

ముందు షిఫ్టు మొరిగింది. ధనంజయ దాన్ని గదమాయించినాడు. ఆ వెంటనే తొట్టిమీది జాలీమూత నేలపడిన చప్పుడు. మహిత తడిచేతులతో పరుగెత్తుకొచ్చి అరిచిన అరుపుకు చిట్టెమ్మ కిటికీలోంచి దూకి పోయింది. తొట్టిలో శనగ ఒక మూల, తెగిన తోక ఒక మూల. తోక ఇంకా మెలికలు తిరుగుతోంది.

అప్పుడే చెప్పివుంటే ఒక మాటతో పోయేది. కానీ ఆ గలభాలో మహిత అన్న మొదటి మాట, "అమ్మ గడియ వేసింది గదా, తలుపు ఎట్ల తెరుచుకునింది?" అని. సుజన నోరు తెరిచేలోగా ధనంజయ తల్లి వైపు తిరిగినాడు. ఆ గదిలో చింతపండు కుండ ఎవరిదో అందరికీ తెలుసు. ఎవరూ సుజన వైపు చూడలేదు. అనుమానించడానికి కూడా ఎవరికీ ఆమె గుర్తు రాలేదు. అంత నమ్మకం తన మీద ఉన్నందుకు ఆమెకు సంతోషం కలగలేదు. ఒళ్ళు బరువెక్కింది, అంతే. ఈ పూటకు ఎవరో ఒకరు మాట పడుతున్నారు, నేను కాదు అని లోపల ఒక మూల కాస్త తేలికపడింది కూడా. ఆ తేలికే తర్వాత ఆమెను నిద్రపోనీయలేదు.

ఆ రాత్రికి అందరూ కలిసి ఇంకో పొరపాటు చేసినారు. బల్లి తోక తెగడం ఎవరికి కొత్త? తలుపు సందులో రోజుకో తోక పడుతుంది, నెల తిరిగేసరికి మళ్ళీ మొలుస్తుంది. మహిత ఫోనులో చూస్తే అందులోనూ మొలుస్తుందనే ఉంది. "తోకే గదా పాపా," అని ధనంజయ ఊరడించినాడు. దేవకమ్మ తానే పసుపు నూరి, కొబ్బరినూనెలో కలిపి, వేలితో ముట్టకుండా దూదితో తోక మొదలుకూ పక్కలకూ దట్టంగా పూసింది. ఊర్లో దూడ కొమ్ము విరిగినా ఇదే మందు అంది. సుజన గిన్నె పట్టుకుంది. పసుపుపచ్చ ఒంటిమీద పసుపు ఏది, ఒళ్ళు ఏది తెలియలేదు.

గురువారం మధ్యాహ్నానికి శనగ కళ్ళు తెరవలేదు. తల్లీ కూతుళ్ళు దాన్ని చెప్పులపెట్టెలో గుడ్డపరిచి పెట్టుకుని, ఆటోలో డాక్టరు గిరిప్రసాద్ దగ్గరికి పోయినారు. ఆయన గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పసుపంతా కడిగినాడు. ముందుకాలి వెనక, చంక కింద, సూదితో పొడిచినట్టు రెండు చుక్కలు బయటపడ్డాయి. చుట్టూ కమిలి ఉంది.

"తోక పోవడం దానికి దెబ్బ కాదమ్మా, అది దాని తెలివి. దెబ్బ ఇది," అన్నాడు. "పిల్లి పన్ను చిన్నదే, నోట్లో ఉండే విషం చిన్నది కాదు. ఆ రాత్రే తీసుకొచ్చుంటే ఇంత ముదిరేది కాదు. పసుపు కింద ఇది కనపడలేదు మీకు."

సూది వేసి, చుక్కల మందు రాసిచ్చినాడు. రోజుకు రెండు పూటలు, పది రోజులు. ఆదివారం లోపల మేత ముట్టిందంటే బతికినట్టే అన్నాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ, ఇంట్లో పిల్లీ కుక్కా ఉండి ఇలాంటి జీవం కూడా ఉండాలంటే రెండు తలుపులైనా ఉండాలి, లేకపోతే అదే పనిగా కనిపెట్టుకునే మనిషి ఒకరైనా ఉండాలి అన్నాడు. మీ ఇంట్లో ఆ మనిషి ఎవరు అని అడిగితే, మహిత క్షణం కూడా తడుముకోలేదు.

"మా అమ్మ," అంది.

సుజన గోడకున్న ఆవుల బొమ్మ చూస్తూ నిలబడింది.

మందు ఎలా వేయాలో చూపించింది పాల్. డాక్టరు దగ్గర పనిచేసే నడివయసు మనిషి. అరచేతిలో శనగను పెట్టుకుని, బొటనవేలితో దవడ పక్కన ఒక చిన్న నొక్కు నొక్కితే అది నోరు తెరిచింది. పుత్తూరులో తన ఇంట్లో ఇలాంటివి పదకొండు ఉన్నాయన్నాడు, జనం పెంచలేక వదిలేసినవి. మరి పిల్లులూ కుక్కలూ రావా అని సుజన అడిగితే నవ్వినాడు. "కోడిని గూడా పెంచనక్కా నేను. వీటికి వేరే జీవమేదీ పడదు. ఇంటావిడ కూడా లేదు నాకు, అదీ ఒక సౌకర్యమే."

ఆ సాయంత్రమే ఇంట్లో మళ్ళీ సోమవారమా మంగళవారమా అన్న మాట లేచింది. డాక్టరు చెప్పింది విన్నాక ధనంజయకు విచారణ ఇంకా గట్టిగా చేయాలనిపించింది. శుక్రవారం పొద్దుపోయేసరికి అతను ఒక తీర్మానానికి వచ్చినాడు. పిల్లిని నగరిలో తన చెల్లెలు పంకజాక్షి ఇంటికి పంపేద్దాం. మగ్గాలున్న ఇల్లు, నూలు కొరికే ఎలుకలకు పిల్లి కావాలని ఆమె ఎప్పటినుంచో అడుగుతోంది. తల్లిని ఒక మాటా అనకుండా తేలిపోతుంది.

దేవకమ్మ ఇంతసేపూ విని, "చిట్టెమ్మ పోతే నేను గూడా పోతా. దాన్ని సూసుకునేవాల్లు ఆడ ఎవురుండారు," అంది. కోపంగా అనలేదు. ఆదివారం తొమ్మిదింటి బస్సు అనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరే ఉన్నారు. సుజన నడిగదిలోకి పోయి, లోపలినుంచి గడియ పెట్టుకుని, శనగకు మందు వేసింది. తోక లేని ఒళ్ళు సగానికి తగ్గిపోయినట్టు ఉంది. అరచేతిలో దూది ముక్కంత బరువు. ఎనిమిది నెలలుగా ఆ గది గడియ ఎన్నోసార్లు పెట్టింది, తీసింది గానీ దీన్ని చేతిలోకి తీసుకోవడం ఇదే మొదలు. కింద వెచ్చటి పట్టీ, చిన్న కిటికీలోంచి సన్నటి వెలుతురు. బయట షిఫ్టు గడప సందులో ఊదుతోంది. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. శనగ ఒక కన్ను తెరిచి, ఆర్పి, మళ్ళీ మూసుకుంది. నీ మీద నాకు ఏ కోపమూ లేదు అని దానికి చెప్పాలనిపించింది. 

తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు. "సుజనా, నేనే."

శనగను తొట్టిలో పెట్టి, మూత బిగించి, బకెట్టులో చేతులు ముంచుకుని సుజన తలుపు తీసింది. దేవకమ్మ గడప బయటే నిలబడింది. చేతిలో కొంగు చివర ఉంది. దానికి మూడు ముడులు.

"ఇది పొద్దున మాత్రకు ఏసిన ముడి. ఇది పొయ్యి ఆర్పినదానికి. ఇంకొగటి దేనికి ఏసినానో తెలీలేదు మే," అంది. గొంతు తగ్గించి, "నేనే తీసినానేమో సుజనా. ఆనాటి సందకాడ యాడ కూసోనుండానో ఎంత తలుసుకున్నా రావడంలా. మునగాకు దూస్తా ఉండింది గ్యాపకం ఉండాది. నడాన లేసి పొయ్యినానేమో. మా అమ్మకు గూడా ఈ వయసులోనే మొదలైంది. ఆఖరికి నన్ను గూడా ఎవురు మే నువ్వు అనింది."

"మీరు తియ్యలేదత్తా."

"నీకెట్ల తెలుసు?"

 అత్త కళ్ళు సుజన ముఖంలో ఏదో వెతుకుతున్నాయి. అనుమానంతో కాదు, ఆశతో. ఎవరైనా ఒకరు గట్టిగా కాదు అంటే చాలన్న ఆశ. ఆ చూపు చూడలేక సుజన కొంగు అందుకుని మూడో ముడి విప్పింది. "ఇది పెరుగు తోడు వెయ్యమని నేను చెప్పినదానికి వేసుకున్న ముడి. వేసేసినారు పొద్దునే," అంది. అది మాత్రం నిజమే.

దేవకమ్మ తల ఆడిస్తూ పోయి, సంచిలో చీరలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఒకటి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి.

ఆ మిగిలిన పగలంతా సుజన మిషను ముందు కూర్చుంది గానీ కుట్టింది తక్కువ. నిజం చెప్పడం అంత కష్టం కాదని ఆమెకు తెలుసు. తిడతారు, లేదా తిట్టరు. ఆమెకు కష్టంగా ఉన్నది ఆ తర్వాతి సంగతి. చెప్పినాక అందరూ ఏమంటారో ఆమె ముందే వినగలదు. పోనీలే, ఒకసారికి అయింది, ఇకమీదట జాగ్రత్తగా ఉండు అంటారు. మళ్ళీ రోజుకు ఎనిమిదిసార్లు. తను ఇకమీదట జాగ్రత్తగా ఉండగలదా అని ఆమె తనను తాను అడుక్కుంది. సూది ఆపి, నిజాయితీగా అడుక్కుంది. జవాబు రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి అందరూ హాల్లోనే ఉన్నారు. కూరగాయల ప్లాస్టిక్ బుట్టలో చిట్టెమ్మను పెట్టి, మూత తాడుతో కట్టినారు. లోపలినుంచి అది సన్నగా అరుస్తుంటే షిఫ్టు బుట్ట చుట్టూ తిరుగుతోంది. ధనంజయ ఫోనులో చెల్లెలికి బస్సు ఎన్నింటికి చేరుతుందో చెప్పి పెట్టేసినాడు. దేవకమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. నడిగది వైపు నుంచి మహిత చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఐదు రోజుల తర్వాత ఆ పిల్ల ముఖం కాస్త విప్పారింది. శనగ ఒక పురుగును తినిందని, రెండోది కూడా నోట పట్టిందని చెప్పింది.

సుజన ఉప్మా తట్టలు తెచ్చి అందరికీ ఇచ్చింది. మళ్ళీ వంటగదిలోకి పోకుండా, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యనే కూర్చుంది. ఆ వేళలో ఆమె అలా కూర్చోవడం ఎవరూ చూసి ఉండలేదు. 

"గడియ ఎవురూ తియ్యలేదు," అంది. గొంతు పెంచలేదు. "నేను వెయ్యలేదు."

మహిత అర్థం కానట్టు చూసింది. "నువ్వు 'ఆ' అన్నావు గదమ్మా."

"అన్నాను. లెయ్యలేదు. చిట్టెమ్మ ఆ వైపు పోయేది కూడా చూసినాను. తలుపు తెరిచుండేది కూడా చూసినాను. చూసి గూడా లెయ్యలేదు."

 ధనంజయ చెంచా కింద పెట్టినాడు. అతను కారణం వెతుకుతున్నాడని ఆమెకు తెలుసు. ఏ తప్పుకైనా ఒక కారణం రాస్తేనే అతనికి కుదురు. అలిసిపోయుంటావు, నాలుగింటికి లేస్తావు గదా, ఒకసారికి ఎవరికైనా అవుతుంది అన్నాడు. ఆమె అనుకున్న మాటలే, ఆమె అనుకున్న వరుసలోనే.

దేవకమ్మ అడిగింది వేరు. "మూడు దినాలు నన్ను అడగతా ఉంటే గమ్మున ఎట్లుండావు సుజనా?"

"నన్ను ఎవురూ అడగలేదత్తా. అడగలేదు గాబట్టి ఉండిపోయినా. మీరు నిన్న వచ్చి అట్ల అన్నప్పుడైనా చెప్పాల్సింది. నాదే తప్పు. మీకు ఏ మరుపూ లేదు."

 దేవకమ్మ కళ్ళు తడి అయినాయి. కోపమో ఊరటో ఆమెకే తెలియాలి. వంగి బుట్ట తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. వేళ్ళు జారుతుంటే ధనంజయ లేచి వచ్చి సాయం చేసినాడు. చిట్టెమ్మ బయటికి వచ్చి, షిఫ్టు ముఖం మీద ఒక దెబ్బ వేసి, బీరువా ఎక్కి కూర్చుంది.

"ఇంకొక మాట," అంది సుజన. "శనగ ఈ ఇంట్లో వద్దు."

"ఎందుకమ్మా?" అంది మహిత. "ఇంక నేనే వేసుకుంటా గడియ. చెయ్యి కడుక్కోని వచ్చి వేస్తా."

"కడుక్కునేలోగానే గదా జరిగింది. నీకు కాలేజీ ఉండాది, పరీక్షలుండాయి. నాయన పొద్దున పోతే సందకాడ వస్తాడు. అవ్వ తలుపు తలుపుకూ లేవలేదు. మిగిలేది నేను." ఆమె కూతురి వైపు తిరిగింది. "ఇకమీదట తప్పకుండా లేస్తానని నీకు చెప్పొచ్చు. చెప్తే నమ్ముతావు. నేను మాత్రం నమ్మలేకుండా ఉండా. మళ్ళా ఒకనాడు 'ఆ' అంటా, లెయ్యను. ఆ పొద్దు తోకతో పోదు."

మహిత తల వంచుకుని ఏడ్చింది. సుజన లేచి పోయి ఊరడించలేదు. కూర్చున్నచోటునుంచే చెయ్యి చాపి కూతురి మోకాలి మీద పెట్టింది.

"పుండు మానేదాకా ఈడే ఉంటాది. మందు ఇంకో వారం. రెండు పూటలా నేనే లోపల కూర్చుని వేస్తా, మీరెవురూ తలుపు కాడికి రావద్దు. వచ్చే ఆదివారం పొద్దున నేనూ నువ్వూ పుత్తూరికి పోయి, పాల్ చేతికి ఇచ్చి వద్దాం. ఆయనతో నిన్న ఫోనులో మాట్లాడినా. ఎప్పుడు కావాలన్నా పోయి చూడొచ్చు అన్నాడు."